ఒక క్రియాపదము – రెండు భాషలు
కౌంట్ ఆంటొనెల్లీ దౌత్యము, కామాఠిపురమునకు దాని పాఠము

రెండు భాషలలో వ్రాయబడిన యొడంబడికకు ప్రతులు రెండుండును. అర్థము మాత్ర మొక్కటియే యుండవలెను. ఈ చిన్న నియమము తప్పుటచే పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆఫ్రికా ఖండమందలి యొక ప్రాచీన రాజ్యము తన స్వాతంత్ర్యమును తానెఱుగకయే పరులపాలు చేయ నుండెను. ఆ స్వాతంత్ర్యమును కాగితముమీద సంపాదించితినని మురిసిన ఐరోపా రాజ్యము తుదకు తన సైన్యమును యుద్ధభూమిలో పోగొట్టుకొనెను. ఆ యొడంబడికను కుదిర్చినవాడు ఇటలీ దేశపు దౌత్యాధికారి కౌంట్ పియెట్రో ఆంటొనెల్లీ. అతని చరిత్రము ముంబయి నగరమందలి తెలుగు వకీళ్ళకును, వైద్యులకును, ఉద్యోగులకును దూరపు ముచ్చటగా దోచవచ్చును. కామాఠిపురపు సందులలోను, పరేలు, వర్లీ ప్రాంతముల చాల్ గృహములలోను కాపురముండి, తమకు చదువరాని భాషలో వ్రాసిన పత్రములపై నేడును చేవ్రాళ్ళు చేయుచున్న మన సోదరులను తలచుకొన్నచో, అది మన యింటి కథయే యని తెలియును.

బొంబాయి ఓడలు – అస్సాబు రేవు

ఈ కథకు మొదలు బొంబాయి రేవుతోనే ముడిపడియున్నది. 1869 నవంబరు 17వ తేదీన సూయజ్ కాలువ తెరువబడెను. దానికి రెండు దినములు ముందుగా, జినోవా నగరపు రుబాట్టినో నౌకా సంస్థ పక్షమున జ్యుసెప్పె సపేతో అను మాజీ మతప్రచారకుడు, ఎఱ్ఱసముద్ర తీరమున అస్సాబు అను రేవును స్థానిక సుల్తానులనుండి క్రయము పొందెను. జినోవానుండి బొంబాయికి రాబోవు పొగయోడలకు నడుమదారిలో బొగ్గు నింపుకొను తావు కావలసియుండెను. అంతకు మించిన రాజ్యకాంక్ష పైకి కనబడలేదు. మఱుసటి యేడు ఆ సంస్థ యోడలు బొంబాయికి రాకపోకలు సాగించెను.

వర్తకుని బొగ్గుకొట్టు ప్రభువుల కోట యగుట మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. 1611లో మచిలీపట్టణమున ఇంగ్లీషువారు పెట్టిన వర్తకపు కొఠీ తుదకు ఏమైనదో మన మెఱుగుదుము. అస్సాబు విషయమునను అట్లే జరిగెను. 1882లో ఇటలీ ప్రభుత్వము ఆ రేవును నౌకాసంస్థనుండి తాను గైకొనెను. 1885 ఫిబ్రవరిలో ఇటాలియను సేనలు ఉత్తరముగా నున్న మస్సావా రేవును ఆక్రమించెను. ఆ తీరమునకు వెనుక, పర్వతములపై నున్నది అబిసీనియా, నేటి ఇథియోపియా.

ఆ దేశము పేరు బొంబాయి కూలివానికి అంతకుముందే తెలియును. 1867–68లో సర్ రాబర్టు నేపియరు నాయకత్వమున అబిసీనియాపై దండెత్తిన సైన్యము బొంబాయి కేంద్రముగనే సమకూర్పబడెను. ఏనుగులను సైతము ఓడలలో నెక్కించి పంపిరి. తెలుగు, తమిళ జిల్లాల యువకులు చేరెడి మద్రాసు సాపర్ల దళములు ఆ యాత్రలో బాటలు వేసి, మగ్దలా దుర్గమువఱకు సేనకు దారి చూపి, 'అబిసీనియా' యను గౌరవ చిహ్నమును సంపాదించెను. 1868 ఏప్రిలులో దుర్గము పడిపోయెను. థియోడోరు చక్రవర్తి తన ప్రాణమును తానే తీసికొనెను. ఆ థియోడోరు చెఱనుండి 1865లో తప్పించుకొని పోయి, తన పితృరాజ్యమైన షోవాను మరల చేజిక్కించుకొన్న రాకుమారుడు మెనెలిక్. మన కథలో రెండవ పాత్ర ఇతడే.

కామాఠిపురము నాటికే తెలుగు పేటగా స్థిరపడియుండెను. 1784 ప్రాంతమున హార్న్బీ కట్ట నిర్మాణముచే సముద్రపు పోటు ఆగిన పిదప, పూడ్చబడిన పల్లపు నేలపై, నిజాము రాజ్యమునుండి వలసవచ్చిన కామాఠీలు గుడిసెలు వేసికొనిరి. రాయి మోసి, మన్ను త్రవ్వి, సున్నము కలిపి ఈ నగరమును లేపినవారిలో వారు ముఖ్యులు. 1854లో తాడదేవున మొదటి నూలు మిల్లు స్థాపింపబడిన పిదప క్రమముగా పద్మశాలీలును తదితరులును తెలంగాణపు పల్లెలనుండి మిల్లుపనికి వచ్చిరి. అస్సాబు మీదుగా వచ్చిపోవు ఓడలు ఎగుమతి దిగుమతులు చేసిన రేవుపట్టణమిదియే.

తుపాకులిచ్చి కాగితము గొన్న కౌంటు

పియెట్రో ఆంటొనెల్లీ 1853లో రోము నగరమున జన్మించెను. పోపుగారి రాజ్యమునకు చిరకాలము మంత్రియైయుండిన కార్డినల్ జాకొమో ఆంటొనెల్లీ వంశీయుడు. 1879లో, ఇరువదియాఱేండ్ల ప్రాయమున, ఇటాలియను భూగోళ పరిశోధకుల వెంట షోవా రాజ్యమునకు పోయెను. అతనికి దౌత్యవిద్య యెవ్వరును నేర్పలేదు. మెనెలిక్ కొలువులో మెలగుటయే అతనికి విద్యాశాల యయ్యెను. రాజున కేమి కావలయునో అతడు త్వరలోనే గ్రహించెను.

మెనెలిక్ నాటికి షోవాకు మాత్రమే రాజు. అతనిపై చక్రవర్తి నాలుగవ యోహాన్నెస్ గలడు. ఉత్తరమున ఇటాలియనులు, పడమట మహ్దీ సేనలు, ఇంట సామంతుల పోరు. ఇట్టి కాలమున తుపాకి లేని రాజ్యము నిలువదని మెనెలిక్ దృఢముగా నమ్మెను. ఆంటొనెల్లీ తుపాకులు తెప్పించి యిచ్చెను. బదులుగా కాగితములపై చేవ్రాళ్ళు పుచ్చుకొనెను. 1883లో స్నేహ వాణిజ్య సంధి జరిగెను. అస్సాబునుండి షోవాకు వర్తకమార్గము తెఱువ యత్నించెను. 1887 జనవరిలో దొగాలీయొద్ద యోహాన్నెస్ సేనాని చేతిలో దాదాపు ఐదువందల ఇటాలియను సైనికులు నాశనమైన పిదప, ఆ యేడు అక్టోబరులో మెనెలిక్ తో మఱియొక యొప్పందము జరిగెను. యోహాన్నెస్ కును ఇటలీకిని నడుచు కలహములో మెనెలిక్ తటస్థుడై యుండవలయును. అందుకు ప్రతిఫలము రెమింగ్టన్ తుపాకులు.

1889 మార్చిలో మహ్దీ సేనలతో జరిగిన యుద్ధమున యోహాన్నెస్ గాయపడి మరణించెను. మెనెలిక్ చక్రవర్తి పదవికి సిద్ధమయ్యెను. పదియేండ్లుగా పెంచిన స్నేహమునకు ఫలము కోసికొను సమయము వచ్చినదని ఆంటొనెల్లీ తలచెను.

పదునేడవ షరతు

1889 మే 2వ తేదీన ఉచ్చాలీ అను శిబిరమున సంధి జరిగెను. అందు షరతు లిరువది. అమ్హారిక్ భాషలో నొక ప్రతి, ఇటాలియను భాషలో నొక ప్రతి. పదునేడవ షరతు అబిసీనియా రాజు ఇతర రాజ్యములతో నడుపు వ్యవహారములను గూర్చినది. అమ్హారిక్ ప్రతిలో, అట్టి వ్యవహారములను రాజు ఇటలీ ప్రభుత్వముద్వారా నడుపుకొన 'వచ్చును' అను భావముగల క్రియ గలదు. ఇటాలియను ప్రతిలో, అట్లు నడుపుటకు రాజు 'సమ్మతించుచున్నాడు' అని యున్నది. సమ్మతించినవాడు కట్టుబడవలసినదే యని ఇటలీ వాదము. ఒకదాని ప్రకారము ఇటలీ కావలసినపుడు పిలిపించుకొను వకీలు. రెండవదాని ప్రకారము మైనరు ఆస్తికి ఏర్పడిన సంరక్షకుడు.

ఇంతకంటె విచిత్రమైనది పందొమ్మిదవ షరతు. రెండు భాషల ప్రతులును ఒకదానితో నొకటి సరిపోయియున్నవనియు, రెండింటికిని సమానమైన ప్రామాణ్యము గలదనియు అందు వ్రాసిరి! సరిపోలని రెంటిని సరిపోయిన వని సంధియే సాక్ష్యము పలికినది. భేదము వచ్చినచో ఏ ప్రతి చెల్లునని నిర్ణయించు వాక్యము లేకపోయెను.

మన దేశపు 1872 నాటి కంట్రాక్టు చట్టము 13వ సెక్షనులో సమ్మతికి చెప్పిన లక్షణము న్యాయశాస్త్ర విద్యార్థి కెల్ల కంఠస్థమే: ఉభయులును ఒకే విషయమును ఒకే యర్థమున అంగీకరింపవలెను. ఆ గీటురాయిపై గీచిచూచిన, పదునేడవ షరతు విషయమున సంధియే పుట్టలేదనవలెను. రాజ్యములమధ్య కంట్రాక్టు చట్టము నడువదు. కాని న్యాయబుద్ధి నడువవలెను గదా.

ఇట్టి షరతు ఫలమెట్టిదో నిజాము రాజ్యపు ప్రజలకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. 1800 అక్టోబరు నాటి సంధిలో నిజాము ఆలీఖాను, ఇంగ్లీషు కంపెనీకి ముందుగా తెలుపకుండ ఇతర రాజ్యములతో సంప్రతింపులు జరుపనని మాట యిచ్చెను. నాటినుండి హైదరాబాదు రాజ్యము పరదేశములతో మాటలాడు నోరును కోల్పోయెను. సింహాసన ముండెను, నాణెము లుండెను, ఫర్మానా లుండెను. రెసిడెన్సీ గుమ్మము దాటి యొక యుత్తరము మాత్రము పోజాలదయ్యెను. అయినను నిజాము తాను దేనిపై ముద్ర వేయుచున్నాడో యెఱిగియే వేసెను. మెనెలిక్ కు ఆ భాగ్యమును లేదు.

ఈ రెండు ప్రతులనడుమ నిలిచినవాడు దుబాసీ. అబిసీనియా కొలువులో యోసేఫ్ అనునతడు ఆ పనిని నిర్వహించెను. దుబాసీ బల మెట్టిదో మన చరిత్రమును చెప్పుచున్నది. 1766లో ఉత్తర సర్కారులను గూర్చి కంపెనీకిని నిజామునకును జరిగిన సంప్రతింపులలో కాండ్రేగుల జోగిపంతులు వంటి దుబాసీ యెంత ముఖ్యుడయ్యెనో పాఠకు లెఱుగుదురు. ఉచ్చాలీ తప్పు యోసేఫ్ దనియు, ఆంటొనెల్లీ బుద్ధిపూర్వకముగ చేసిన మోసమనియు, రోములో ప్రధానమంత్రి క్రిస్పీ యాశయే దీనికి కారణమనియు చరిత్రకారులు పలువిధముల వాదించిరి. వకీలు దృష్టికి ఒక్కటి మాత్రము స్పష్టము. పదియేండ్లు ఆ కొలువులో తిరిగి, రాజు మనస్సెఱిగి, అతడు తన స్వాతంత్ర్యమును వదలుకొను మనిషి కాడని తెలిసియుండియు, ఆంటొనెల్లీ రెండు ప్రతులను ప్రక్క ప్రక్కన పెట్టి మాట మాటకు సరిచూపింపలేదు. రాజు నమ్మినది ఆంటొనెల్లీని. అందుచేత ఋణమును ఆంటొనెల్లీదే.

జవాబులవలన తెలిసిన రహస్యము

సంధి జరిగిన కొన్ని నెలలకు మెనెలిక్ బంధువు రాస్ మకొన్నెన్ రాయబారియై ఇటలీకి పోయెను. ఆంటొనెల్లీ వెంట నుండెను. 1889 అక్టోబరు 1వ తేదీన అదనపు ఒప్పందమును, దానితో నలువది లక్షల లీరాల ఋణమును కుదిరెను. పదిదినములు గడచినవో లేదో, అక్టోబరు 11న, క్రిస్పీ ప్రభుత్వము 1885 నాటి బెర్లిను ఒడంబడికలోని 34వ షరతును పురస్కరించుకొని, అబిసీనియా పరరాజ్య వ్యవహారములు ఇకపై ఇటలీద్వారా నడచునని ఐరోపా రాజ్యములకు తాఖీదు పంపెను. ఎవని రాజ్యమును గూర్చి యీ ప్రకటన జరిగెనో అతనికి మాత్రము కబురు లేదు.

నవంబరులో మెనెలిక్ పట్టాభిషిక్తుడయ్యెను. ఆ శుభవార్తను తెలుపుచు ఐరోపా ప్రభువులకు స్వయముగా లేఖలు వ్రాసెను. 1890లో జవాబులు వచ్చెను. విక్టోరియా రాణి ప్రభుత్వమును, జర్మనీయును మర్యాదగనే వ్రాసిరి. కాని ఇక మీద ఇట్టి వ్యవహారములు ఇటలీ ప్రభుత్వముద్వారా జరుగవలయునను సంగతిని అందు సూచించిరి. వయసు వచ్చిన కుమారుడు వ్రాసిన జాబునకు తండ్రి పేర జవాబు పంపినట్లయ్యెను. తాను చేసిన సంధిలో నేమున్నదో మెనెలిక్ చక్రవర్తి పరాయివారి యుత్తరములు చదివి తెలిసికొనవలసి వచ్చెను. సెప్టెంబరులో అతడు ఇటలీ రాజు ఉంబెర్టోకు నేరుగ వ్రాసి, అమ్హారిక్ ప్రతిలో నిర్బంధ మేదియు లేదని నిలదీసెను.

చిరిగిన ముద్ర

చిక్కు విప్పుటకు ఆంటొనెల్లీనే మరల పంపిరి. 1890 డిసెంబరులో అతడు ఆడిస్ అబాబా చేరెను. రాణి తైతు సంప్రతింపులలో మాట కలిపి, తమ రాజ్యమునకును మర్యాద గలదనియు, పరుల రక్షణలో నున్నట్లు లోకమున చాటుట యెన్నటికిని ఒప్పమనియు ఖండితముగా చెప్పెను. వారములు గడచెను. తుదకు 1891 ఫిబ్రవరిలో ఒక రాజీ కుదిరినట్లు తోచెను. పదునేడవ షరతును గూర్చిన క్రొత్త పత్రము అమ్హారిక్ భాషలో వ్రాయబడెను. షరతు యథాతథముగా నిలుచునని నమ్మి ఆంటొనెల్లీ సంతకము చేసెను.

పత్రమును బసకు తెచ్చిన పిదప, అతని సహచరుడు కౌంట్ సాలింబేనీ దుబాసీచే చదివించి చూచెను. అందు నిలుచునను మాట లేదు. షరతు రద్దైనదను మాట యున్నది! ఆంటొనెల్లీ కోపోద్రిక్తుడై తన చేవ్రాలును ముద్రను చించివేసి, కొలది దినములలో రాజధాని విడిచి వెడలిపోయెను. రెండేండ్లకు ముందు మెనెలిక్ దేనిచే వంచితుడయ్యెనో, అదే పరభాషా పత్రము ఇప్పుడు ఆంటొనెల్లీని వంచించెను. భేద మొక్కటే: కౌంటునకు తప్పు ఆ దినమే తెలిసెను, చదివి చెప్పు స్నేహితు డతని బసలో నుండెను.

పిదప జరిగినది యుద్ధచరిత్రము. 1893లో మెనెలిక్ సంధిని త్రోసిపుచ్చెను. తెచ్చిన ఋణమును తీర్చివేసెను. 1896 మార్చి 1వ తేదీన ఆడువా పర్వతములలో ఇటాలియను సేనాని బరాటియేరి సైన్యము మెనెలిక్ సేనల చేతిలో ఛిన్నాభిన్నమయ్యెను. ఒక్క దినమున వేలకొలది సైనికులు మడిసిరి. వారిలో ఇటలీ రైతుబిడ్డలును, ఆ దేశపు జీతము గొని పోరాడిన ఎరిత్రియావారును గలరు. క్రిస్పీ మంత్రివర్గము కూలిపోయెను. ఆ యేడు అక్టోబరు 26న జరిగిన ఆడిస్ అబాబా సంధిచే ఉచ్చాలీ సంధి రద్దయ్యెను. అబిసీనియా సంపూర్ణ స్వాతంత్ర్యమును ఇటలీ యంగీకరించెను. ఆ యవమానమును తీర్చుకొనుటకే యన్నట్లు 1935లో ముస్సోలినీ మరల దండెత్తి, విషవాయువులతో ఆ దేశమును పీడించుట వేఱొక విషాదగాథ.

ఆంటొనెల్లీ మాత్రము పదవులు పోగొట్టుకొనలేదు. పార్లమెంటు సభ్యుడయ్యెను; క్రిస్పీ మంత్రిత్వమున విదేశాంగశాఖలో ఉపమంత్రిగా నుండెను; పిదప దక్షిణ అమెరికాకు రాయబారిగా పోయి, ఏబది యేండ్లు నిండకమునుపే 1901లో మరణించెను. పత్రము వ్రాయించినవాడు ఉద్యోగమున పైకి పోవుటయు, దాని ఫలమును ఎఱుగనివాడు ప్రాణములతో చెల్లించుటయు లోకమున అరుదు గాదు.

ఖోలీకి వచ్చిన సంధిపత్రము

ఇక మన చాల్ వాసుల మాట. తెలుగు కామాఠీలు ఈ నగరమున కేవలము గంపలు మోసినవారు కారు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిభాగమున జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి తెలుగు పెద్దలు ప్రముఖులై, మహాత్మా జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. పరభాషలలో వ్రాసిన గుత్తపత్రములలోని మెలికలను వారు అనుభవముచే నేర్చిరి. 1884లో నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల సభ జరిపి, సుమారు 5,500 చేవ్రాళ్ళతో కోర్కెలపత్రము సమర్పించినపుడు, చదువరి యొకడు చదువురానివారికి నోరైనచో నేమి జరుగునో నగరము చూచెను.

నేడు మిల్లులు లేవు. 1982 జనవరిలో ఆరంభమైన మహాసమ్మె తరువాత అవి యొక్కొక్కటియే మూతపడెను. మిల్లుపనివాని బిడ్డలకు మిగిలిన యాస్తి ఒక్క ఖోలీ. పగడీ యిచ్చి తాత సంపాదించినది. అద్దె రసీదు తండ్రి పేర నున్నది. రేషను కార్డు కుమారుని పేర నున్నది. ఆ ఖోలీమీదికే ఇప్పుడు సంధిపత్రములు వచ్చుచున్నవి. వర్లీలోని బి.డి.డి. చాల్ నివాసులకు 2025 ఆగస్టులో క్రొత్త ఇండ్ల తాళపుచెవు లీయ నారంభించిరి. కామాఠిపురపు పునర్నిర్మాణమునకు మ్హాడా సంస్థ పూనుకొనియున్నది. ఇరుకు గదులు పోయి గాలి వెలుతురు గల యిండ్లు వచ్చుటను కాదనువాడెవడు? కాని వచ్చునది ఏమి, ఎప్పుడు, ఎవని పేర నను ప్రశ్నలకు సమాధానము పత్రములోని క్రియాపదములలో నున్నది.

ఆ పత్రము మరాఠీలోనో ఇంగ్లీషులోనో యుండును. బదులు నివాసపు అద్దెను బిల్డరు 'ఇయ్యవలెను' అని యున్నదా, 'ఇయ్యవచ్చును' అని యున్నదా? కొలత కార్పెట్ ఏరియా లెక్కనా, గోడలతో గూడిన లెక్కనా? గడువు దాటిన నేమి శిక్ష? మరణించిన తండ్రి పేరనున్న హక్కు ఏ యన్నదమ్మునకు సంక్రమించును? మెనెలిక్ నకు ఒక్క క్రియాపదము రాజ్యముపాటి విలువ చేసినచో, మన సిరిసిల్ల మామకు ఇల్లుపాటి విలువ చేయదా?

చట్టములో నొక వింత గలదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 19వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రారునకు తెలియని భాషలో, ఆ జిల్లాలో సామాన్యముగా వాడుకలో లేని భాషలో పత్రము తెచ్చినచో, సరియైన తర్జుమా జతపఱచిననే గాని అతడు దానిని పుచ్చుకొనగూడదు. పత్రము నమోదు చేయు అధికారికి ఈ రక్షణ గలదు. పత్రముపై చేవ్రాలు చేసి యిల్లు ఖాళీచేయు తెలుగు ముసలమ్మకు అట్టి రక్షణ యాసెక్షనులో లేదు. ఆమె వ్రేలిముద్ర వేసిన క్షణముననే అంతయు తెలిసి వేసినట్లు ఎదుటి పక్షము వాదించును. తెలియలేదని ఋజువుచేయు భారము ఆమె నెత్తిపై పడవచ్చును.

చట్టము ఇయ్యని రక్షణను సంఘము ఇయ్యగలదు. అందుకు కావలసిన ధనము స్వల్పము. తీరిక కొంచెము కావలెను. ప్రతి చాల్ లోను, పత్రములు వచ్చిన వారముననే, వకీలు వృత్తి నెఱిగిన తెలుగువా డొక్కడు ఆదివారపు సాయంకాలము కూర్చుండి, షరతు షరతును తెలుగున చదివి వినిపింపవలెను. తెలుగు తర్జుమాను వ్రాయించి, ఎదుటి పక్షముచే దానిపై గూడ సంతకము చేయింపవలెను. రెండు ప్రతులకు భేదము వచ్చినచో ఏది చెల్లునో ముందుగనే షరతు వ్రాయించుకొనవలెను. అట్టి షరతు లేనిదే చేవ్రాలు లేదని చాల్ వాసులందఱు ఒక్కమాటపై నిలువవలెను. విడివిడిగా పోయినవానిని ఎవడును లెక్కపెట్టడు.

ఈ నగరమున తెలుగు వకీళ్ళు గలరు, ఇంజనీర్లు గలరు, లెక్కలు చూచు ఆడిటర్లు గలరు. వీరిలో పలువురి తాతలు కామాఠిపురపు గదులలోనో, పరేలు మిల్లుల నీడలోనో బ్రతికినవారే. మెనెలిక్ నకు సంధిలోని మాట ఐరోపా జవాబులు వచ్చిన పిదప తెలిసెను. అతని యొద్ద సైన్య ముండెను గనుక తప్పును దిద్దుకొనెను. చాల్ వాసికి సైన్యము లేదు. అతనికి సంతకమునకు ముందే తెలియవలెను. తెలుపవలసినవారు ఈ పుట చదువుచున్నవారే గనుక, వచ్చు ఆదివారమున ఏ చాల్ నకు పోవలెనో ఈ వారముననే నిర్ణయించుకొందురు గాక.